చక్రాలున్నంత మాత్రాన ఇల్లు కదలదు

ప్రయాణం మధ్యలో ఆపేసి ఇంటిముఖం పట్టడమంటే మనవాళ్ళకి అదోరకం నామోషీ. "అంత దూరం వెళ్ళి, అంత డబ్బు పోసి, సగంలో వచ్చేశారా?" అని అడుగుతారు. అడిగేవాళ్ళ సంగతి అలా ఉంచండి, ముందు మన మనసే ఒప్పుకోదు. తిరుపతి కొండ మీద కంపార్ట్‌మెంట్లో పది గంటలు కూర్చున్నవాడు, ఇంకో పది గంటలు పడుతుందన్నా బయటికి రాడు చూడండి, అలాగన్నమాట. కాకపోతే అక్కడ చివర్లో దర్శనం ఉంటుంది. అన్ని క్యూల చివరా దేవుడు ఉండడు.

ఈ ముక్క నేను అనుభవం మీద చెప్తున్నాను. 2020 మార్చిలో స్పెయిన్ నుంచి ఇంగ్లండుకి, అద్దెకి తీసుకున్న మోటర్‌హోమ్‌లో, అనుకున్నదానికి పదమూడు రోజుల ముందే తిరిగొచ్చాం. సుమారు 1500 కిలోమీటర్లు, మూడు రోజులు. అప్పట్లో ఇది "మా సాహసయాత్ర" అని అందరికీ డబ్బా కొట్టుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే అందులో నా సాహసం ఏమీ లేదు, నా మొండితనమే ఉంది. మూడు రోజులు ముందే బయల్దేరి ఉండాల్సింది. ఆ మూడు రోజుల గురించే ఈ గోలంతా.

మోటర్‌హోమ్ అంటే తెలియనివాళ్ళకి: మన సినిమా హీరోల కారవాన్ చూశారుగా, దానికి చిన్న తమ్ముడు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ బండిలోనే. యూకేలో మామూలు కారు లైసెన్సు మీద 3500 కిలోల బరువు దాకా నడపొచ్చు. మాది సరిగ్గా ఆ గీత మీద ఉండేది. (మా అత్తయ్యగారు తెచ్చిన కంది పచ్చడి జాడీతో గీత దాటిందని నా అనుమానం.)

అసలు మార్చిలో టూర్ ఏమిటంటారా? యూకేలో కాంట్రాక్టింగ్ చేసినవాళ్ళకి ఐఆర్35 గురించి చెప్పక్కర్లేదు. చేయనివాళ్ళకి ఒక్కముక్కలో: పన్ను లెక్కల్లో నువ్వు నిజంగా కాంట్రాక్టరువా, కాంట్రాక్టరు వేషంలో ఉన్న ఉద్యోగివా అని తేల్చే పూచీ ప్రైవేటు రంగంలో 2020 ఏప్రిల్ 6 నుంచి మన చేతిలోంచి పెద్ద, మధ్యస్థాయి క్లయింట్ల చేతిలోకి వెళ్ళబోతోంది. ఆ తలనొప్పి మాకెందుకని చాలామంది క్లయింట్లు ముందుగానే జనాన్ని వదిలించుకున్నారు. ఫిబ్రవరి ఆఖరుకి నేనూ రోడ్డున పడ్డాను. సరే, ఎలాగూ రోడ్డున పడ్డాం కదా, ఆ రోడ్డేదో స్పెయిన్ రోడ్డయితే బావుంటుందని నేనే ఈ ఐడియా వేశాను. నేను, మా ఆవిడ, మూడేళ్ళ పాప, తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్న అత్తయ్యగారు. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. షెంగెన్ వీసాలు మార్చి 31 దాకా. అత్తయ్యగారికి హైదరాబాద్ విమానం ఏప్రిల్ 2న.

మార్చి 4న టన్నెల్ దాటి, నింపాదిగా దిగుతూ 11వ తారీఖుకి పెనీస్కొలా చేరాం. బార్సిలోనాకీ వలెన్సియాకీ మధ్య, మధ్యధరా సముద్రం ఒడ్డున చిన్న ఊరు. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతి గుట్ట మీద పాత కోట. గేమ్ ఆఫ్ థ్రోన్స్ చూసినవాళ్ళకి మీరీన్ నగరం గుర్తుంటే, అందులో కొంత ఇక్కడే తీశారు. క్యాంప్‌సైట్లో మా చుట్టూ అందరూ చలికాలం గడపడానికి దిగిన బ్రిటిష్, డచ్, జర్మన్ ముసలివాళ్ళు. ఎండ, గాలి, పక్కనే నారింజ తోటలు. స్వర్గం అంటే ఇదేరా బాబూ అనుకున్నా.

రెండు రోజులే.

మార్చి 13 శుక్రవారం స్పెయిన్ ప్రధాని సాంచెజ్ టీవీలో కనపడి అత్యయిక స్థితి పెడుతున్నామన్నారు. 14 శనివారం డిక్రీ వచ్చింది. పదిహేను రోజులు, అవసరమైన పనికి తప్ప బయటికి రాకూడదు. క్యాంప్‌సైట్లో రెస్టారెంట్ మూతపడింది, బీచ్‌కి టేపు కట్టారు.

ఆ రాత్రే మా ఆవిడ అంది, "ఏవండీ, రేపు పొద్దున్నే బయల్దేరదాం."

నేను నవ్వాను. "ఎక్కడికి? ఇంతకంటే మంచి ఐసొలేషన్ ఎక్కడుంటుంది? ఇల్లు మనతోనే ఉంది. గ్యాసుంది, బియ్యం ఉన్నాయి, వైఫై ఉంది. ఎవర్నీ ముట్టుకోకుండా పదిహేను రోజులు ఇక్కడే కూర్చుందాం. తొందరపడకు, ఇంకొంచెం డేటా రానీ."

మా ఆవిడ టెస్టింగ్‌లో పదేళ్ళు చేసింది. "మీ డెవలపర్లంతా ఇంతే. ప్రొడక్షన్ కింద పడ్డాక గానీ రోల్‌బ్యాక్ గుర్తురాదు" అని, ఒక కాగితం తీసి మూడు అంకెలు రాసింది. అత్తయ్యగారి బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు: 20 రోజులకి. వీసాలు: 17 రోజులు. బండి అద్దె: 18 రోజులు. "పదిహేను రోజులు అన్నవాళ్ళు పదహారో రోజున తలుపులు తీస్తారని మీకెవరు చెప్పారు?" అంది.

(తీయలేదు. పొడిగిస్తూ పొడిగిస్తూ జూన్ 21న ఎత్తేశారు.)

నా దగ్గర సమాధానం లేదు గానీ పౌరుషం ఉంది కదా. ఆదివారం అలాగే గడిచింది. సోమవారం అలాగే గడిచింది. ఆ రెండు రోజుల్లో నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఫోన్లో వార్తలు రిఫ్రెష్ చెయ్యడం. డేటా వచ్చింది. బోలెడొచ్చింది. వచ్చిన ప్రతి ముక్కా ఒక్కో దారి మూస్తూనే వచ్చింది. మొరాకో 13నే స్పెయిన్‌కి ఓడలు ఆపేసింది. అక్కడ చిక్కుకున్న మోటర్‌హోమ్‌లు సియూటా సరిహద్దు దగ్గర బారులు తీరిన ఫొటోలు మా క్యాంప్‌సైట్ అంతా తిరిగాయి. 16న ఇండియా వాళ్ళు, యూరప్ నుంచీ యూకే నుంచీ వచ్చే ప్రయాణికుల్ని 18 నుంచి రానివ్వమన్నారు. అంటే అత్తయ్యగారి టికెట్ ఎగిరిపోయింది. అదే రాత్రి ఎనిమిదింటికి మాక్రాన్ మాట్లాడి, మర్నాడు మధ్యాహ్నం 12 నుంచి ఫ్రాన్స్ అంతా ఇళ్ళల్లోనే ఉండాలన్నారు. స్పెయిన్ కూడా ఆ అర్ధరాత్రి నుంచే భూ సరిహద్దుల్లో తనిఖీలు పెట్టింది.

చూశారా తమాషా? ఆదివారం బయల్దేరి ఉంటే సరిహద్దులో అడిగేవాళ్ళుండేవారు కాదు, ఫ్రాన్స్‌లో కాగితాలు అక్కర్లేదు. నేను "ఇంకొంచెం డేటా" కోసం ఆగినందుకు కట్టిన ఫీజు అది. ఆగడం ఉచితం అని మనం అనుకుంటాం. అది కూడా ఒక నిర్ణయమే, దాని బిల్లు తర్వాత వస్తుంది, అంతే.

17 మంగళవారం తెల్లవారుజామున బయల్దేరాం. మా పక్క ప్లాట్ బ్రిటిష్ పెద్దాయన ఒక పేపరు తెచ్చిచ్చాడు. ఫ్రాన్స్‌లో బయట తిరిగేవాళ్ళు దగ్గర పెట్టుకోవాల్సిన ధ్రువపత్రం నమూనా. ఫోన్లో చూపిస్తే అప్పుడు చెల్లేది కాదు, ప్రింటు గానీ చేత్తో రాసింది గానీ ఉండాలి. బండిలో ప్రింటరెక్కడిది? అత్తయ్యగారు ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేశారు. పాప డ్రాయింగ్ బుక్‌లోంచి కాగితాలు చింపి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్క మాట అర్థం కాకపోయినా ఆ ఫ్రెంచంతా దింపేశారు. మనిషికొకటి చొప్పున, రోజుకొక సెట్టు. అందులో ఉన్న 5 కారణాల్లో "మోటర్‌హోమ్‌లో ఇంటికి పోతున్నాం" అన్నది లేదు. కుటుంబ అత్యవసరం దగ్గర టిక్ పెట్టి, టన్నెల్ బుకింగ్ చూపించడానికి ఫోన్లో సిద్ధంగా ఉంచుకున్నాం.

హైవే మీద లారీలు, మోటర్‌హోమ్‌లు తప్ప కార్లే లేవు. ఏపీ-7 మీద మా పక్క టోలు ఆ జనవరి 1నే తీసేశారు, అదొక్కటే కలిసొచ్చింది. లా హోంకేరా దగ్గర సరిహద్దు దాటి, పెర్పిన్యా, బేజియె మీదుగా ఏ75 ఎక్కాం. ఆ సాయంత్రం మియో వంతెన దాటాం. ఎత్తు 343 మీటర్లు, పొడవు రెండున్నర కిలోమీటర్లు. కట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాల్సిన ఇంజినీరింగ్. ఇంకెప్పుడైనా అయితే దిగి వంద ఫొటోలు తీసుకునేవాణ్ణి. ఆ రోజు ఇంధనం ముల్లు చూసుకుంటూ దాటేశాను.

ఆ రాత్రి రెస్ట్ ఏరియాలో లారీల మధ్య బండి పెట్టుకుని పడుకోబోతుంటే వార్త వచ్చింది. ఐఆర్35 మార్పుని 2021 ఏప్రిల్‌కి వాయిదా వేశారట! ఏ రూలు వస్తోందని నా ఉద్యోగం పోయిందో, ఆ రూలే రాలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక మా ఆవిడకి చూపించాను. "పడుకోండి, పొద్దున్నే డ్రైవ్ చెయ్యాలి" అంది.

ఇక్కడ చక్రాల ఇల్లు గురించి ఒక మాట చెప్పాలి. మోటర్‌హోమ్ కొనేవాళ్ళూ అద్దెకి తీసుకునేవాళ్ళూ అందరూ చెప్పే మాట, "స్వేచ్ఛ". ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. పచ్చి అబద్ధం. మా బండిలో మంచినీళ్ళ ట్యాంకు 100 లీటర్లు. టాయిలెట్ కింద క్యాసెట్ అని ఒక డబ్బా ఉంటుంది, 18 లీటర్లో ఎంతో. నలుగురు మనుషులకి అది రెండు రోజుల్లో నిండుతుంది. దాన్ని ఖాళీ చెయ్యడానికి ఒక చోటుండాలి, నీళ్ళు పట్టడానికి ఇంకో చోటుండాలి. ఫ్రాన్స్‌లో ఊరూరా అలాంటి చోట్లు మోటర్‌హోమ్‌ల కోసమే కట్టి ఉంటాయి, వాళ్ళని మెచ్చుకోవాలి. కానీ లాక్‌డౌన్ మొదలైన మర్నాడు చూస్తే దారిలో మేం ఆగిన మూడు చోట్లా అడ్డంగా టేపు కట్టేసి ఉంది. మన భాషలో చెప్పాలంటే, మోటర్‌హోమ్ అనేది ఇల్లు కాదు, క్లయింట్. అసలు సర్వరు ఊళ్ళలో ఉంది. అది డౌన్ అయితే నీ దగ్గరున్నది చక్రాలున్న రేకు డబ్బా, అందులో నిండిన ఇంకో డబ్బా.

18న సాంఫ్లూర్ దాటాక ఒక పల్లెటూళ్ళో నాలుగో ప్రయత్నం చేశాం. అక్కడా టేపే. మేం బండి తిప్పుతుంటే పోలీసు జీపు వచ్చి ఆగింది. ప్యారిస్ జనం లాక్‌డౌన్ తప్పించుకోడానికి పల్లెల్లోకి వస్తున్నారని ఊళ్ళవాళ్ళు గుర్రుగా ఉన్న రోజులవి. అతను దూరంగా నిలబడి కాగితం చూపించమని సైగ చేశాడు. అత్తయ్యగారి దస్తూరీని పైనుంచి కిందదాకా చదివాడు. ఇండియన్ పాస్‌పోర్టు చూశాడు, బ్రిటిష్ నంబర్ ప్లేటు చూశాడు, స్పెయిన్ నుంచి వస్తున్నామంటే కనుబొమలెత్తాడు. మూడు దేశాల గందరగోళం ఒకే బండిలో! టన్నెల్ బుకింగ్ చూపించాక తలూపి, వెళ్ళండి, ఆగకండి అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇదంతా చూసిన ఓ ముసలాయన, తన పెరటి గోడ మీంచి నీళ్ళ పైపు మావైపు విసిరి, తను వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ట్యాంకు నింపుకున్నాం. ఆ క్యాసెట్ సంగతి కూడా ఆయనే సైగలతో పరిష్కరించాడు, వివరాలు అడక్కండి.

ఆయన చల్లగా ఉండాలి. కానీ నేను ఆలోచించింది వేరే. ఆ నిమిషాన నా కుటుంబం నడిచింది ఒక పోలీసు మంచితనం మీద, ఒక ముసలాయన దయ మీద. ఇద్దరిలో ఏ ఒక్కరు కాదన్నా తప్పు వాళ్ళది కాదు. ఆదివారం నాడు నా చేతిలో ఉన్న నిర్ణయం, బుధవారానికి ఎవరెవరి చేతుల్లోకో వెళ్ళిపోయింది.

నేను నేర్చుకున్నది ఇదే. ముందుగా వెనక్కి తిరగడం అంటే భయపడటం కాదు. వెళ్ళడం మన హక్కుగా ఉన్నప్పుడే వెళ్ళడం. ఆలస్యమయ్యేకొద్దీ అది ఇంకొకడి దయ అవుతుంది.

ఆ రాత్రి షార్‌త్ర్ ఇవతల పడుకుని, 19 మధ్యాహ్నం టన్నెల్ చేరాం. గ్యాస్ సిలిండర్ కట్టేసి ఉందో లేదో చూసి రైలెక్కించారు. ముప్ఫై అయిదు నిమిషాలు. అవతల ఇంగ్లండులో దిగితే పబ్బులు తెరిచే ఉన్నాయి! అవి మూసింది మర్నాడు. ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. వచ్చేవాళ్ళకి క్వారంటైన్ అన్నది యూకేలో జూన్ 8న గానీ రాలేదు. మేమే పద్నాలుగు రోజులు తలుపేసుకున్నాం. అదే గురువారం స్పెయిన్‌లో ఉత్తర్వు వచ్చింది. హోటళ్ళు, క్యాంప్‌సైట్లు వారంలోపు మూసెయ్యాలని. 23న గానీ బ్రిటన్ విదేశాంగ మంత్రి తమవాళ్ళని "వెంటనే వచ్చెయ్యండి" అనలేదు. అంటే అధికారిక సలహా కోసం ఎదురుచూసి ఉంటే, క్యాంప్‌సైట్లు మూతపడుతున్న వారంలో, వీసా ఇంకో వారం ఉండగా బయల్దేరేవాళ్ళం. మిగిలిన పదమూడు రోజుల అద్దె తిరిగి రాలేదు. ఒప్పందంలోనే అలా రాసుంది, సంతకం పెట్టింది నేనే. అదే నన్ను ఆ మూడు రోజులు అక్కడ కూర్చోబెట్టిన డబ్బు.

మరి అందరూ అలా పరిగెత్తుకు రావాల్సిందేనా? కాదు. ఆ కాగితం ఇచ్చిన పక్క ప్లాట్ పెద్దాయనా, ఆయన భార్యా కదల్లేదు. వాళ్ళు ఇంగ్లండులో ఇల్లు అమ్మేసి ఆ మోటర్‌హోమ్‌లోనే ఉంటున్నారు. "ఇంటికి పొమ్మంటున్నారు, ఇంట్లోనే ఉన్నాం కదా" అని నవ్వాడాయన. దీర్ఘకాలం ఉండేవాళ్ళకి ఆ ఉత్తర్వులో మినహాయింపు ఉంది. వాళ్ళు వేసవి దాకా అక్కడే ఉన్నారు, వాళ్ళకి అదే సరైన పని. జబ్బు తిరుగుతున్నప్పుడు మూడు రోజులు రోడ్ల మీద పడి వెళ్ళడం తప్పు కాదా అని కూడా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేం డీజిలుకి తప్ప దిగలేదు, తిండి బండిలోనే వండుకున్నాం. అయినా పూర్తిగా రిస్కు లేదని అనను. కానీ మాత్రలయిపోయిన పెద్దావిడతో, వీసా అయిపోయిన నలుగురం, కిటకిటలాడుతున్న ఓ స్పెయిన్ ఆసుపత్రి గుమ్మంలో నిలబడటం కంటే అది నయం. ఎవరికి వారు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎవర్నీ అడక్కుండా నాకు తలుపు తెరుచుకునే చోటు ఎక్కడుంది? అదే ఇల్లు. అటు వెళ్ళాలి, లేదా అక్కడే ఉండాలి.

ఇక్కడితో ఆపితే ఇది నా సొంత డబ్బా అవుతుంది. అసలు నొప్పి వేరే ఉంది.

మా బావమరిది అప్పుడు హైదరాబాద్‌లో, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసేవాడు. మేం ఇల్లు చేరాక ఫోన్ చేస్తే, "బావా, హాస్టళ్ళు మూసేస్తారంటున్నారు, తెనాలి వెళ్ళిపోనా?" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? మూడు రోజులు ఆలస్యం చేసి అంత నేర్చుకున్న మనిషిని, "కంగారుపడకురా, లాప్‌టాప్ ఉందిగా, రెండ్రోజులు చూడు" అన్నాను! నీతులు మనకి చెప్పడానికే పనికొస్తాయి, అదీ ఆలస్యంగా.

24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. నాలుగు గంటలు. మర్నాడు ఉగాది. హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నారు, తిండి లేదు. పోలీసుస్టేషన్ల దగ్గర అనుమతి పత్రాల కోసం క్యూలు. ఆ పత్రాలు పట్టుకుని వేలమంది కుర్రాళ్ళూ ఆడపిల్లలూ బైకుల మీద, కార్లలో విజయవాడ రోడ్డెక్కారు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఇవతల ఇచ్చిన కాగితం అవతల చెల్లలేదు. మావాడు ఉగాది రాత్రి బైకు పక్కన, రోడ్డు మీద గడిపాడు. చార్జింగ్ అయిపోయేముందు వాళ్ళమ్మకి ఫోన్ చేసి "బానే ఉన్నానమ్మా" అన్నాడు. రెడింగ్‌లో మా వంటింట్లో ఆవిడ ఆ ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. వేపపువ్వు లేకుండా చేసిన ఉగాది పచ్చడి ఎవరూ ముట్టలేదు.

నేను పరాయి దేశాల్లో, పరాయి పాస్‌పోర్టుతో, డ్రాయింగ్ కాగితం మీద రాసుకున్న పత్రంతో 1500 కిలోమీటర్లు వచ్చాను. వాడు ముద్రేసిన పత్రంతో, తన భాష మాట్లాడే మనుషుల మధ్య, 200 కిలోమీటర్లు దాటి ఒక్క అడుగు ముందుకి వెయ్యలేకపోయాడు. తేడా నా తెలివిలో లేదు. స్పెయిన్ డిక్రీలో, బయట తిరగడానికి అనుమతించిన కారణాల్లో ఒకటి "సొంత నివాసానికి తిరిగి వెళ్ళడం". ఒక్క లైను. ఆ ఒక్క లైను ఉండబట్టే నేను తలెత్తుకుని బండి నడిపాను. మన దగ్గర వలస కూలీలకి ఊళ్ళకి వెళ్ళే అనుమతి ఏప్రిల్ 29న గానీ రాలేదు, శ్రామిక్ రైళ్ళు మే 1న గానీ కదల్లేదు. ఈలోగా నడిచినవాళ్ళు నడిచారు, రాలినవాళ్ళు రాలారు.

లాక్‌డౌన్ పెట్టడం తప్పని నేను అనడం లేదు. సర్వరు ఆపేముందు కనెక్షన్లు ఒక్కొక్కటిగా దించుతాం కదా, ఉన్నపళంగా ప్లగ్గు పీకం కదా, అదే అంటున్నాను. ముందే తిరగమని ప్రయాణికుడికి చెప్పే హక్కు ప్రభుత్వానికుంది, తిరగడానికి టైమిచ్చినప్పుడు. 2022లో ఉక్రెయిన్‌లో చూశాం. ఫిబ్రవరి 15న మన ఎంబసీ విద్యార్థుల్ని వెళ్ళిపోయే సంగతి ఆలోచించమంది, 24న యుద్ధం మొదలై విమానాలు ఆగిపోయాయి. మధ్యలో తొమ్మిది రోజులున్నాయి. క్లాసులు పోతాయని, టికెట్లు ఖరీదని చాలామంది ఆగిపోయారు. వాళ్ళని తిట్టబుద్ధి కాదు నాకు. ఆ పిల్లలకి చేతిలో ఉన్నది డబ్బు లెక్క, అటెండెన్స్ లెక్క. పెనీస్కొలాలో నాకున్నది బండి అద్దె లెక్క. అందరిదీ ఒకటే బలహీనత: పోయే చిన్నది కళ్ళకి కనపడుతుంది, పోబోయే పెద్దది కనపడదు.

అందుకని ఇప్పుడు ఏ ప్రయాణానికైనా బయల్దేరేముందే, బుర్ర చల్లగా ఉన్నప్పుడే, మా ఆవిడ రాసిన కాగితం లాంటిదొకటి రాసుకుంటాం. మందులెన్ని రోజులకున్నాయి, వీసా ఎన్ని రోజులుంది, తిరిగొచ్చే దారులెన్ని ఉన్నాయి. వీటిలో ఏ రెండు సగానికి తగ్గినా ఇక చర్చ లేదు, బండి తిప్పడమే. ముఖ్యమైన షరతు: ఇంట్లో ఎవరు "పోదాం" అన్నా చాలు, మెజారిటీ అక్కర్లేదు. అనవసరంగా తిరిగొచ్చామని తర్వాత తేలితే నవ్వుకుందాం. ఒకసారి అలా తేలింది కూడా, రెండు రోజుల హోటల్ డబ్బు పోయింది. నవ్వుకున్నాం.

అత్తయ్యగారు చివరికి వందే భారత్ విమానంలో జూన్‌లో ఇల్లు చేరారు. వెళ్ళేముందు ఆ ఫ్రెంచి కాగితాలు అన్నీ అడిగి తీసుకున్నారు. తెనాలిలో బీరువాలో ఉన్నాయి, పక్కనే కొడుకు తెచ్చిన ఆ చెల్లని పత్రం కూడా ఉంది. మొన్న వెళ్ళినప్పుడు రెండూ తీసి నా ముందు పెట్టి, "బాబూ, ఇందులో దేనికి విలువెక్కువో మీరే చెప్పండి" అన్నారు.

నేనేం చెప్తాను? మీరైనా చెప్పండి.